మొదటి పిలుపు కవితది

ప్రశ్న అడిగాను. తొమ్మిదో తరగతి మొత్తం నోట్లో నాలుక లేనట్టు కూర్చుంది.

అదేమైనా కొరుకుడుపడని ప్రశ్నా అంటే కాదు. "పరుగెత్తే బస్సుకు డ్రైవర్ ఉన్నట్టుండి బ్రేకు వేస్తే మనం ముందుకెందుకు తూలుతాం?" అంతే. ముంబైలో పుట్టి పెరుగుతున్న పిల్లలు, బస్సులో తూలని రోజు ఉండదు. అయినా ఒక్కరూ కిక్కురుమనలేదు. అలాగని తలలు వంచుకోలేదు, దిక్కులు చూడలేదు. శ్రద్ధగా వింటున్నట్టే ఉన్నారు. వింటున్నది మాత్రం నా మాట కాదని అప్పుడే ఎందుకో అనిపించింది.

వెనక గోడకు ఆనించిన కుర్చీలో మా బి.ఎడ్. కాలేజీ సావంత్ మేడమ్ కూర్చుని ఉంది. ఒళ్ళో పరిశీలన పత్రం, చేతిలో ఎర్ర పెన్ను. ఆవిడ మరాఠీ మనిషి, తెలుగు ముక్క రాదు. పాఠ ప్రణాళిక ఇంగ్లీషులో రాసి ముందే ఇచ్చాను కాబట్టి ఎక్కడ నేను అడగాలో, ఎక్కడ పిల్లలు పలకాలో ఆవిడకు తెలుసు. పిల్లలు పలకాల్సిన చోటు వచ్చి దాటిపోతోంది. ఆవిడ పెన్ను మూత తీసింది.

నాకు ముచ్చెమటలు పట్టాయి. అదే ప్రశ్న మళ్ళీ అడిగాను. అడిగానో లేదో బెంచీలన్నీ కదిలాయి. "బాయీ నేను! బాయీ, నేను చెప్త!" అని చేతులు లేచాయి. మా ముంబై బడుల్లో టీచరును బాయీ అనే అంటారు, తెలుగు బడైనా అంతే. ముందు బెంచీలో నరేష్ లేచి జడత్వం గురించి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. హమ్మయ్య అనుకుని రెండో ప్రశ్నకు వెళ్ళాను. మళ్ళీ అదే తంతు. మొదటిసారి అడిగితే చప్పుడు లేదు, రెండోసారి అడిగితే ఒకటే గోల. పాఠం ముగిసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మెట్ల దగ్గర మేడమ్ నన్ను ఆపింది. "ప్రణాలీ, అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడగకూడదనే కదా మొట్టమొదట నేర్పింది. నాకు నీ భాష రాదు, నిజమే. ఒకే వాక్యం రెండుసార్లు వినబడితే తెలియదా?"

"పిల్లలు పలకలేదు మేడమ్."

"టీచర్ రెండోసారి అడుగుతుందని తెలిస్తే మొదటిసారి ఎవరు పలుకుతారు? ఆ అలవాటు నువ్వే చేస్తున్నావు. ఇలాగైతే ఫైనల్ లెసన్ గట్టెక్కవు. మళ్ళీ వచ్చే వానాకాలం దాకా ఆగాలి."

ఆవిడ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. హైస్కూల్లో పాఠం చెప్పాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు, బి.ఎడ్. కావాలి. బి.ఎడ్. కావాలంటే ఒక బడిలో ఒక వానాకాలమంతా ఉండి, మేడమ్ చూస్తుండగా పాఠాలు చెప్పి, చివరికి బయటి పరీక్షకుడి ముందు ఫైనల్ లెసన్ నెగ్గాలి. నాకు తెలుగు వచ్చు కాబట్టి కామాటిపురాలో మా ఇంటి పక్క తెలుగు బడే ఇచ్చారు. భివండీలో ఒక తెలుగు ట్రస్టు బడివాళ్ళు, పట్టా చేతికొస్తే జూన్‌లో సైన్సు టీచరుగా చేర్చుకుంటామన్నారు. రాకపోతే ఇంకెవరినో చూసుకుంటారు. మా నాయిన దుర్గయ్య కొరియర్ ఆఫీసులో ప్యూన్, మా అమ్మ రత్నాబాయి నాగ్‌పాడాలో ప్రసూతి ఆస్పత్రి ఆయా. ఈ ఊరి గోడలు కట్టడానికి వచ్చిన వంశంలో మొదటి టీచరును నేనే కావాలని అమ్మ పట్టుదల. కాకముందే, గదికో కుటుంబం ఉండే మా చాల్ అంతా టాంటాం వేసి పెట్టింది.

ఆ తరగతిలో నా చెల్లెలు సాక్షి కూడా ఉంది. అసలు మంట అది. పరాయి పిల్లలు పలకకపోతే పోనీ అనుకోవచ్చు, సొంత చెల్లెలు గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంటే ఒళ్ళు మండదా?

సాయంత్రం ఇంటికి రాగానే అందుకున్నాను. "ఏమే, నోరు పడిపోయిందా? నీ కండ్ల ముంగటనే అక్క పరువు పోతుంటే కూసోని చూస్తవా?"

సాక్షి సంచి గూట్లో పెట్టి నెమ్మదిగా అంది. "ఒక్కపాలికే ఎట్ల పలుకుతం అక్కా?"

"నేనే వద్దన్న," అంది అమ్మ, గోంగూర ఒలుస్తూ తలెత్తకుండానే. "ఎవ్వలు పిలిచినా మొదటి పిలుపుకు పలుకొద్దని నేనే చెప్పిన. నేనొక్కదాన్నే కాదు, ఈ గల్లీల అందరు తల్లులు చెప్పిన్రు. మనిషైతే మల్ల పిలుస్తడు. అది ఒక్కపాలే పిలుస్తది."

"ఏది?"

"ఏదైతేంది. పేరు వెట్టకు."

నాకు అప్పుడు తట్టింది. ఆ వానాకాలం మొదట్లో మా పక్క గల్లీ చివర పాత చాల్ ఒకటి ఖాళీ చేయించి కూలగొడుతున్నారు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన కూలీలు అక్కడే రేకుల షెడ్లలో ఉండేవారు. వాళ్ళలో ఎల్లయ్య, వెంకటమ్మల కూతురు కవిత మా సాక్షి పక్కనే కూర్చునేది. నేను బడిలో అడుగు పెట్టకముందే గోడ కూలి ఆ పిల్ల చనిపోయింది. ఈ ఊళ్ళో వానాకాలం గోడ కూలడం కొత్తా? పాపం అనుకున్నాను, మర్చిపోయాను.

"నువ్వప్పుడు దాని ఎంబడే ఉన్నవట గదా?" అన్నాను.

సాక్షి అమ్మ వైపు చూసింది. అమ్మ వద్దనలేదు.

"ఇద్దరం బడి నుంచి వస్తుంటిమి. వాన దంచి కొడ్తుండె. ఆ గోడ కాడికి రాంగనే లోపటి నుంచి 'కవితా' అన్నరు. అచ్చం ఎల్లయ్య మామ గొంతే. అది 'ఆఁ నాయినా' అనుకుంట లోపటికి ఉరికింది. గోడ వడ్డది. ఎల్లయ్య మామేమో ఫోరస్ రోడ్డు మీద చాయ్ తాగుతుండె అక్కా. చేతుల గిలాసతోనే ఉరికొచ్చిండు."

అమ్మ చేతులు ఆకుల మీద ఆగిపోయాయి. నాకూ ఒళ్ళు జలదరించింది, కాదనను. కానీ బి.ఎడ్.లో సైన్సు మెథడ్ తీసుకున్నదాన్ని, ఇలాంటి వాటికి తల ఊపితే రేపు పిల్లలకేం చెబుతాను? "వానల ఎవరో ఎవర్నో పిలిచి ఉంటరు. కవితలు ఈ కామాటిపురాల ఒక్కతే ఉన్నదా?" అని కొట్టిపారేశాను. "అయినా మీ క్లాసుల పిలిచేది నేను. దయ్యాన్నా నేను?"

"కావు అక్కా. నువ్వు తొందర పడ్తున్నవ్, అంతే." సాక్షి నాకు పాఠం చెప్పేదానిలా మెత్తగా మాట్లాడింది. "మా క్లాసుల మొదటి పిలుపు కవితది. అది పలికినంక మాకేం కాదు. దానికి ఇంక కొత్తగ అయ్యేదేం లేదు గద? అందుకే అదే ముందు పలుకుతది. నువ్వేమో అది చెప్తుండంగనే మల్ల అడుగుతున్నవ్."

"ఏ కవిత?" అని అరిచింది అమ్మ.

"మా కవితనే. కిటికీ దిక్కు కూసుంటది, ఎప్పటి జాగల్నే."

అమ్మ థూథూ అని పక్కకు ఉమ్మి, సాక్షి నోటి మీద చేయి వేసి మూసింది. ఆ విషయం అమ్మకు కూడా అప్పటిదాకా తెలియదు.

తరువాతి పాఠం రోజు నేను కిటికీ పక్క బెంచీ వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. సాక్షి బెంచీ ఈ చివర ఒదిగి కూర్చుంది. ఆ చివర ఖాళీ. ఇరుకు బెంచీల మీద ముగ్గురేసి కూర్చునే తరగతిలో అంత జాగా ఖాళీగా ఉంటే వెళ్ళి కూర్చునే మొనగాడు ఒక్కడూ లేడు.

ప్రశ్న అడిగాను. ఈసారి పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. పిల్లలు కిటికీ వైపు తల తిప్పలేదు, చెవులు మాత్రం అటే ఉన్నాయి. పక్కింటి రేడియోలో పాట వింటున్నవాళ్ళ ముఖాలెలా ఉంటాయో అలా ఉన్నాయి. నరేష్ పక్కనుండే బంటీ సన్నగా తల ఊపాడు. సాక్షి పెదవుల మీద చిన్న నవ్వు మెరిసి పోయింది. ఆ తర్వాత, ఎవరో చెప్పడం పూర్తిచేసినట్టు, అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. చేతులు లేచాయి.

నాకేమీ వినబడలేదు. ఆ కాలమంతా ఒక్కసారి కూడా వినబడలేదు. నేను చూసింది పిల్లల ముఖాలే.

పాఠం అయ్యాక సావంత్ మేడమ్ నా భుజం తట్టింది. "శాబాష్! అడిగాక ఎంత ఓపిగ్గా ఆగుతున్నావు! పిల్లలకు ఆలోచించే వ్యవధి ఇవ్వమని ఎంతమందికి చెప్పినా చేయరు. నువ్వు పట్టేశావు." పత్రం మీద బాగుంది అని రాసి, కింద గీత కూడా గీసింది. ఆ మెచ్చుకోలు చేదుమాత్రలా మింగాను.

అలా వానలు సాగాయి, పాఠాలూ సాగాయి. అడగడం, ఆగడం. భయం తగ్గిందని చెప్పను. బ్లాక్‌బోర్డు వైపు తిరిగి రాస్తున్నంతసేపూ వీపు మీద చల్లగా ఉండేది. కానీ భయంతోపాటు ఇంకొకటి వచ్చి చేరింది. ఆమ్లాల పాఠం రోజు, "నీలి లిట్మస్ కాగితాన్ని నిమ్మరసంలో ముంచితే ఏ రంగుకు మారుతుంది?" అని అడిగి ఆగాను. కాసేపటికి తరగతంతా కిసుక్కున నవ్వింది.

"ఎందుకురా నవ్వు?"

"నీలిగనే ఉంటదట, బాయీ," అన్నాడు నరేష్, నవ్వు ఆపుకోలేక. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

నేను కిటికీ వైపు తిరిగాను. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "కాదమ్మా. ఆమ్లంలో నీలి లిట్మస్ ఎర్రబడుతుంది. మళ్ళీ చదువుకో," అన్నాను. పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. తమతో పాటు దాన్నీ బాయీ దిద్దిందని వాళ్ళకెంత సంతోషమో! ఆ రోజు నుంచి ఆ ఖాళీ జాగా మీద నాకు మమకారం పుట్టింది. టీచరును కాబోతున్నానని నాకు నిజంగా అనిపించింది కూడా ఆ రోజే.

పెత్రమాస వెళ్ళిన మరునాడు వెంకటమ్మ బడి గేటు దగ్గర నిలబడి ఉంది. నేను ఆమెను దగ్గరగా చూడడం అదే మొదటిసారి. నెత్తిన మూట, చంకలో గిన్నెల సంచి. వెనక ఎల్లయ్య గోడవైపు తిరిగి బీడీ కాలుస్తున్నాడు.

"నువ్వేనా బిడ్డా, సైన్సు చెప్పే బాయివి?"

"నేనే అమ్మా."

"మా కవిత నీ క్లాసుల్నే ఉన్నదని పోరగాండ్లు చెప్పిన్రు." మార్కులు అడగడానికి వచ్చిన తల్లిలాగే అడిగింది. "మంచిగ చదువుతున్నదా?"

అలాంటిదేమీ లేదమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. "లిట్మస్ ఒక్కటి తప్పు చెప్పిందట. తక్కినవన్నీ మంచిగనే చెప్పింది," అన్నాను.

వెంకటమ్మ నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళ నుంచి నీళ్ళు కారిపోయాయి. కొంగుతో తుడుచుకుని అంది. "నిన్న పెత్రమాస నాడు దాని పేరు చెప్పి జంగమయ్యకు బియ్యం ఇచ్చిన. పెండ్లి గాని పిల్లకు పెద్దలతోని బియ్యం ఇయ్యరని మా ఆయన మొత్తుకున్నడు. ఇయ్యకపోతే నా బిడ్డ ఏడికి పోతది? అందరు పిల్లల పిలుపులు అదే పలుక్కుంట ఎన్నొద్దులు కూసుంటది? మా అత్త ఉన్నది ఆడ, తోల్కపోతది. అందుకే సాగనంపిన."

మా వాళ్ళలో అంతే. పెత్రమాసనాడు పోయినవాళ్ళ పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తే వాళ్ళు కడుపు నిండి తమ దారిన పోతారు. ఇవ్వకపోతే ఇంటి చుట్టే తిరుగుతారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, అయినా ఆ మాట నా గుండెలో కలుక్కుమంది.

"ఇగ దానికోసం ఆగకు బిడ్డా. నువ్వు ఆగితే అది పోలేకపోతది," అని నా రెండు చేతులు పట్టుకుంది వెంకటమ్మ. "మేము ఊరికి పోతున్నం. మల్ల ఈ ఊరు మొకం చూడం."

ఇద్దరూ ఫాక్‌లాండ్ రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయారు. నా ఫైనల్ లెసన్ ఆ వారంలోనే ఉంది.

ఇంట్లో చెప్పాను. నాయిన చొక్కా కొక్కేనికి తగిలించి గదుల ముందు గ్యాలరీలోకి పోయి నిలబడ్డాడు. అమ్మ మాత్రం వెంటనే తేల్చేసింది. "అయితే నువ్వు రెండుపాలి అడుగు. మార్కులు పోతే పోనీ."

"మార్కులు కాదమ్మా, పాసే కాను. పరీక్షకు వచ్చే సారు నా పాత పత్రాలన్నీ చూస్తడట."

"కాకపోతివి! మల్ల వచ్చే ఏడు రాసుకో. పోరగాండ్లను మొదటి పిలుపుకు నిలవెట్టకు. కాపలా ఉన్న పిల్ల పోయింది." ఏళ్ళ తరబడి నన్ను టీచరును చేయాలని పాకులాడిన మనిషి ఆ మాట అంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండేళ్ళు లోకల్ రైళ్ళలో నిలబడి ప్రయాణం చేసి, చార్టులు గీసి, రాత్రులు రాసిన పాఠాలన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. భివండీ తిరిగింది. కంచం ముందు నుంచి లేచిపోయాను. సాక్షి మాత్రం అన్నం మెతుకులు వేలితో జరుపుతూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ ఉంది.

పరీక్షకుడు తెలుగాయనే. తాతలనాటి సోలాపూర్ మగ్గాల కుటుంబం, మా మాట పూర్తిగా అర్థమవుతుంది. తరగతిలోకి వెళ్ళేముందు నా ఫైలు తిరగేసి కళ్ళద్దాల మీదుగా చూశాడు. "మొదట్లో అన్నీ పునరుక్తులే. తర్వాత దిద్దుకున్నట్టు రాశారు. నిజంగా దిద్దుకున్నావో, మేడమ్ జాలిపడిందో ఇవాళ చూస్తాను. ప్రశ్న రెండోసారి వినబడిందంటే నీకేమీ రాలేదని రాసి వెళ్ళిపోతాను."

సావంత్ మేడమ్‌కు ఆ తెలుగు అర్థం కాకపోయినా నా ముఖం చూసి కంగారు పడింది.

పాఠం ప్రతిధ్వని. చార్టు తగిలించాను. కొండ ముందు నిలబడి కేక వేస్తున్న మనిషి బొమ్మ. బయట వాన లేదు, ఎండ కిటికీలోంచి ఆ బెంచీ మీద పడుతోంది. ఆ జాగాలో దుమ్ము తప్ప ఏమీ లేదు. ఇన్ని రోజులూ లేనిది ఆ వేళ అక్కడ నిజంగానే ఎవరూ లేరని నాకు తెలిసింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. పిల్లలకూ తెలిసింది. ఒకరికొకరు దగ్గరగా జరిగి కూర్చున్నారు.

"కొండ దగ్గర అరిస్తే మన మాట మనకు తిరిగి వినబడుతుంది. మరి మన చాల్ గదిలో అరిస్తే ఎందుకు వినబడదు?"

అడిగి ఆగాను. ఆగకు బిడ్డా అన్న వెంకటమ్మ మాట గుర్తుకొచ్చినా ఆగక ఏం చేయను? పిల్లలు చెవులు కిటికీ వైపు పెట్టారు. కాసేపటికి నరేష్ ముఖం పాలిపోయింది. బంటీ బెంచీ అంచు పట్టుకున్నాడు. ఎదురుచూసిన జవాబు రాలేదు. నా ప్రశ్న ఆ గది మధ్యలో అలాగే ఉండిపోయింది, ఎవరు ముందు దాని వైపు చూస్తే వాళ్ళదే అన్నట్టు. వెనక పరీక్షకుడు చేతి గడియారం సరిచేసుకున్నాడు.

పోతే పోయింది అనుకున్నాను. పిల్లల ముఖాలు చూశాక ఇంకేమీ అనిపించలేదు. రెండోసారి అడగడానికి నోరు తెరిచాను.

"నేను చెప్త, బాయీ."

సాక్షి లేచి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. నా వైపు చూడలేదు, తలుపు వైపు చూస్తోంది.

"గది చిన్నగుంటది. గోడ దగ్గర్నే ఉంటది కాబట్టి శబ్దం చప్పున తిరిగొస్తది. మన మాట ఏదో, తిరిగొచ్చిన మాట ఏదో చెవికి తెల్వది."

"సరైన జవాబు," అన్నాను.

ఆ తర్వాత పాఠం పరుగులు తీసింది. ఏ ప్రశ్న అడిగినా ముందు సాక్షే లేచేది. దాని వెనక తక్కినవాళ్ళు చేతులెత్తేవారు. ఒక్క ప్రశ్నా రెండోసారి అడగాల్సిన పని లేకపోయింది. చివర్లో పరీక్షకుడు లేచి వచ్చి సాక్షి తల నిమిరాడు. "చురుకైన పిల్ల. అడగ్గానే పలుకుతుంది," అన్నాడు. సావంత్ మేడమ్ చప్పట్లు కొట్టింది, పిల్లలు కొట్టారు. సంతోషంతో నాకు కాళ్ళు తేలిపోతున్నాయి. అయినా ఇంటి దారిలో సాక్షి చేయి పట్టుకుని, "ఎందుకు లేచినవే?" అని అడిగాను.

"నీకు జాబ్ రావాలె గద అక్కా," అంది. అంతే. ఇద్దరం ఇంట్లో ఆ మాట చెప్పలేదు.

సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం మేడమ్ ఫోన్ వచ్చింది. పాసయ్యాను, మంచి గ్రేడు. అమ్మ దూద్‌పేడాల డబ్బా పట్టుకుని చాల్ అంతా తిరగడానికి బయల్దేరింది. కింద గల్లీలో స్పీకర్ పెడుతున్నారు. నాయిన దాదర్ నుంచి తెచ్చిన బంతిపూలు, గునుగు పూలు గచ్చు మీద పోసుకుని నేనూ సాక్షీ బతుకమ్మ పేరుస్తున్నాం. మోకాలికి మోకాలు ఆనుకునేంత దగ్గరగా కూర్చున్నాం. నేను పూల కాడలు తుంచుతున్నాను, మాట్లాడడం లేదు. పెదవుల మధ్య దారం పట్టుకుని ఉన్నాను కూడా.

సాక్షి చేయి పూల మీద ఆగింది. తల తలుపు వైపు తిరిగింది.

"హాజర్, బాయీ," అంది.

ఇంట్లో అది నన్నెప్పుడూ బాయీ అనదు. పువ్వు కింద పెట్టి లేవబోయింది. తలుపు అవతల గ్యాలరీలో ఎవరూ లేరు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దాని మణికట్టు పట్టి లాగి కూర్చోబెట్టాను.

"ఎవరే? ఎవరు పిలిచిన్రు?"

అది నన్ను చూసి, మళ్ళీ తలుపు వైపు చూసింది. పక్కన కూర్చున్న నన్ను అప్పుడే చూస్తున్నట్టు బిత్తరపోయింది. "నువ్వే గద అక్కా," అంది. "క్లాసుల పిలిచినట్టే పిలిచినవ్. ఒక్కపాలే."

పెదవుల మధ్య దారం ఇంకా అలాగే ఉంది. దాన్ని తీయడానికి నాకు చాలాసేపు పట్టింది.

అమ్మకు చెప్పక తప్పలేదు. అమ్మ సాక్షిని ఒళ్ళోకి లాక్కుని, పెద్దపిల్ల అని కూడా చూడకుండా, దాని చెవులు రెండూ అరచేతులతో మూసి కూర్చుంది. కింద ఆడవాళ్ళు చప్పట్లు మొదలుపెట్టినా దిగలేదు. ఆ ఏడు మా ఇంటి బతుకమ్మను పక్కింటివాళ్ళు తీసుకుపోయి సాగనంపారు.

జూన్‌లో భివండీ బడిలో చేరాను. పొద్దున్నే వెళ్తాను, చీకటి పడకముందే వస్తాను. అక్కడ రోజూ హాజరు పిలుస్తాను, ఒక్కో పిల్లను పేరుపేరునా. మంచి టీచరునే అంటున్నారు. ఇంట్లో మాత్రం నేను సాక్షిని పేరు పెట్టి పిలవను. ఏమే అనను, ఒసేయ్ అనను. కావాలంటే లేచి దాని దగ్గరకు పోయి భుజం మీద చేయి వేస్తాను. తలుపు అవతల ఉంటే గడియ చప్పుడు చేస్తాను. మెట్ల కింద నుంచి, కుళాయి దగ్గర నుంచి, రోడ్డు అవతల నుంచి, ఎక్కడి నుంచీ పిలవను. దానికి ఒక్కటే చెప్పి పెట్టాను: నా గొంతుతో నీ పేరు వినబడితే, అది నేను కాదు.